పడవకు పిట్టగోడ

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, యెహెజ్కేలు 27వ అధ్యాయము

కొయ్యూరు ప్రాంతమున నివసించు మనకు పెద్ద పడవలతో అంతగా పరిచయము లేదు. మనము ఎరిగినవి కొండవాగులు. వాగు పొంగినప్పుడు సంతమూట దించి, ఒడ్డున కూర్చుండి, నీరు తీయువరకు కనిపెట్టుట మన పెద్దలు నేర్పిన జ్ఞానము. అయినను గడచిన వేసవిలో ఒక పడవనుగూర్చిన ప్రశ్న మా వరండాలోనికే నడచి వచ్చెను. దానిని చదువరుల యెదుట ఉంచుట మేలని తలంచుచున్నాము. ఏలయనగా అది పడవ కొనువారికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు.

మన సంఘములో పెరిగి, గోదావరి తీరమున అత్తవారి ఊరిలో స్థిరపడిన యౌవనస్థుడొకడు ముగ్గురు బంధువులతో కలిసి, యాత్రికులను త్రిప్పుటకు క్రొత్త పడవ చేయించుకొనదలచెను. తయారుచేయువారు ఇచ్చిన కాగితము చేతపట్టుకొని వచ్చి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి. చేసి, ఇందులో ఏవి ఉంచుకోవాలో, ఏవి కొట్టేయాలో మీరే చెప్పండి" అని అడిగెను. పడవలనుగూర్చి మాకేమి తెలియును? అయినను కాగితము తీసికొని చదివితిమి.

నరసాపురము రేవునకును సఖినేటిపల్లి రేవునకును నడుమ పంటు ఎక్కినవారికి ఈ పడవ సంగతి సులభముగా తెలియును. రెండు పడవలను జోడించి, పైన బల్లలు పరచి, మనుష్యులను బండ్లను దాటించునది పంటు. ఇప్పటివారు పడవలకు బదులుగా, రెండు చివరలు మూసివేసిన పొడవైన అల్యూమినియము గొట్టములు రెంటిని క్రింద అమర్చి, పైన చదునైన వేదిక కట్టుచున్నారు. దీనిని పాంటూన్ బోటు అందురు. మొదట చెప్పిన ధరకు వచ్చునది గొట్టములు, వేదిక, ఇంజను మాత్రమే. తక్కినవన్నియు, కోరినవారికి మాత్రమే అదనపు వెలకు ఇవ్వబడును. మూడవ గొట్టము, ఎత్తయిన కమ్మీలు, పైకప్పు, మెత్తని సీట్లు, రంగుల దీపములు, పాటల పెట్టెలు, నీటిలోనుండి పైకెక్కుటకు నిచ్చెన, పిల్లల కొలతలకు తగిన లైఫ్ జాకెట్లు, ఇవన్నియు ఒకే వరుసలో, ఒకే అక్షరములలో అచ్చువేయబడియుండెను. ఆ కాగితము దృష్టిలో దీపమును జాకెట్టును సమానమే.

మన స్నేహితుడు అప్పటికే సీట్లకును దీపములకును పాటల పెట్టెలకును గుర్తు పెట్టియుండెను. మూడవ గొట్టము, నిచ్చెన, పిల్లల జాకెట్లు విడిచిపెట్టబడినవి. కారణమడుగగా దాపరికము లేకుండ చెప్పెను: "దీపాలూ పాటలూ లేకపోతే జనం పక్క పడవ ఎక్కేస్తారండి. గొట్టం నీళ్లలో ఉంటాది, దాన్నెవరు చూస్తారు? అప్పు తీరాలి కదండీ." ఇది దురాశతో పలికిన మాట కాదు. ఇద్దరు పిల్లల తండ్రి రాత్రులు నిద్రలేక వేసికొనిన లెక్క.

అయితే మరియొక లెక్కయు వేయవలసియున్నది. అడ్డుకొలత 60 సెంటీమీటర్లు, పొడవు 6 మీటర్లు గల గొట్టము పూర్తిగా మునిగిన యెడల సుమారు 1.7 ఘనపు మీటర్ల నీటిని ప్రక్కకు త్రోయును. ఒక ఘనపు మీటరు నీటి బరువు 1000 కిలోలు గనుక, ఆ గొట్టము 1,700 కిలోల వరకు మోయగలదు. కాని గొట్టములు నిండ మునుగునట్లు ఎవరును పడవ నడుపరాదు. సగము మునుగుటయే హద్దని పెట్టుకొనినచో రెండు గొట్టములు కలిసి మోయునది 1,700 కిలోలే. అందులో గొట్టములు, వేదిక, ఇంజను, నూనె, సీట్లు, పైకప్పు వీటి బరువు తీసివేయగా మిగిలినదే మనుష్యుల పాలు. బరువైన సోఫా ఒకటి ఎక్కిన యెడల ఒక మనుష్యుడు దిగవలెను. కొండ అందము చూచుటకు అందరును ఒక ప్రక్కకు పరుగెత్తినప్పుడు ఆ ప్రక్క గొట్టమే భారమంతయు మోయవలెను. మూడవ గొట్టము అదే సగము హద్దున మరి 850 కిలోలు మోయును. దానికి రంగు లేదు, వెలుగు లేదు, పాట లేదు. నీటి క్రింద ఉండి మోయుటయే దాని పని.

ఇప్పుడు వాక్యమునకు వచ్చెదము. క్రొత్తగా ఇల్లు కట్టించువాడు ఇంటి పైకప్పునకు చుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండములో మోషే ఆజ్ఞాపించెను. ఆ దేశమున మిద్దెలు చదునైనవి. జనులు వాటిపైకి ఎక్కి చల్లగాలికి కూర్చుండిరి. పేతురు ప్రార్థన చేయుటకు మిద్దె ఎక్కినట్లు అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయములో చదువుచున్నాము. మిద్దె అంచు ఎక్కడనున్నదో ఇంటివాడు చీకటిలోనైనను ఎరుగును. చుట్టముగా వచ్చినవాడు ఎరుగడు, పసిబిడ్డ ఎరుగడు. కావున పిట్టగోడ ఇంటివాని సౌకర్యము కొరకు కాదు, ఆ యింటి లెక్కలలో పాలులేని వాని ప్రాణము కొరకు. దానిని ఇంటివాని యిష్టమునకు విడిచిపెట్టక, పడినవాని రక్తము ఆ యింటిమీదనే ఉండునని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. మరియొకటి గమనించుడి. ఈ ఆజ్ఞ ఎవడో పడిన తరువాత ఇయ్యబడినది కాదు. కట్టించునప్పుడే, డబ్బు చేతిలో నున్నప్పుడే, పాటింపవలసినది.

పడవ కాగితము విషయమును అంతే. ఆ కాగితమును చదువువాడొకడు, పడవ ఎక్కువాడు మరియొకడు. రేవులో టిక్కెట్టు కొని బిడ్డనెత్తుకొని ఎక్కు తల్లికి ఆ కాగితము ఎవరును చూపరు. ఏది కొట్టివేయబడినదో ఆమె ఎన్నడును ఎరుగదు. ఆమె పక్షమున గుర్తు పెట్టవలసినవాడు యజమానుడే.

ఓడనుగూర్చిన విలాపమొకటి యెహెజ్కేలు గ్రంథములో ఉన్నది. తూరు పట్టణమును ప్రవక్త ఒక సుందరమైన ఓడతో పోల్చెను. దాని స్తంభము లెబానోను దేవదారు, దాని కోలలు బాషాను సింధూరపు మ్రాను, దాని బల్లలలో దంతము పొదిగియుండెను, దాని తెరచాప ఐగుప్తునుండి వచ్చిన బుటాపని బట్ట. అందము పాపమని ప్రవక్త చెప్పలేదు. అయితే తూర్పుగాలి విసరిన దినమున ఓడయు సరకులును ఓడవారును సముద్రమధ్యమున కూలిరి. ఆ దంతపు బల్లలు ఒక్కరినైనను తేల్చలేకపోయెను.

ఇట్టిదే 1912 ఏప్రిల్‌లో మరల జరిగెను. టైటానిక్ ఓడలో ఈతకొలను ఉండెను, ఆటల గది ఉండెను, ఆవిరి స్నానపు గదులుండెను. ప్రాణరక్షక పడవలు మాత్రము 20. వాటిలో పట్టువారు 1,178 మంది, ఓడలో నున్నవారు సుమారు 2,200 మంది. అంతకంటె ఎక్కువ పడవలను మోయగల దింపుడు కొయ్యలు ఓడకు అమర్చబడియే ఉండెను. ఆ పడవలను మాత్రము ఎక్కింపలేదు. నాటి చట్టము అడిగినది 16 పడవలే గనుక యజమానులు చట్టమును మీరలేదు. చట్టము మన్నించిన ఆ కొరతను సముద్రము మన్నింపలేదు. సుమారు 1,500 మంది ఆ రాత్రి మరణించిరి.

దూరపు సంగతి యేల? మన గోదావరి మాట చెప్పుకొందము. 2019 సెప్టెంబరు 15, ఆదివారము. నది వరదతో నున్నది. పాపికొండలు చూడబోయిన విహార పడవ, నాటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నము మండలము కచ్చులూరు వద్ద మునిగెను. సుమారు యాభైమంది ప్రాణములు పోయెను. ఒడ్డుననున్న గిరిజన గ్రామస్థులు తమ చిన్న పడవలలో పరుగున వచ్చి, తేలుచున్నవారిని పైకి లాగిరి. బ్రదికినవారిలో అనేకులు లైఫ్ జాకెట్లు ధరించియున్నవారే అని నాటి పత్రికలు వ్రాసెను. మునిగిన పడవ 38వ దినమున, అక్టోబరు 22న గాని బయటకు రాలేదు. తప్పెవరిదో ఈ పుటలో తీర్పు తీర్చుట మా పని కాదు. అయితే పడవ చేయించు ప్రతివాడును ఆ ఆదివారమును జ్ఞాపకముంచుకొని కాగితము మీద కలము పెట్టవలెనని మాత్రము చెప్పుచున్నాము. 2021 నాటి లోతట్టు జలయానముల చట్టము ప్రాణరక్షక సాధనములను తప్పనిసరి చేసినది. మంచిదే. అయితే టైటానిక్ నేర్పిన పాఠమును మరువకూడదు. చట్టము అడిగినంత మట్టుకు చేసి, చేతులు కడుగుకొనుట ధర్మము కాదు.

ఈ మాటలన్నియు వినిన మన స్నేహితుడు మిక్కిలి కలతచెంది, కలము తీసికొని అన్నిటిని కొట్టివేయసాగెను. దీపములు పోయెను, సీట్లు పోయెను, పైకప్పు కూడ పోయెను. అప్పుడు మేము అతని చెయ్యి పట్టుకొంటిమి. సౌకర్యమంతయు వ్యర్థమని ఎవరు చెప్పిరి? మే నెల ఎండలో రెండు గంటలు కూర్చుండు వృద్ధురాలికి పైకప్పు విలాసము కాదు, కనికరము. మన ప్రభువు సముద్రము దాటిన దోనెలో సయితము ఒక తలగడ ఉండెను. ఆయన దానిమీద నిద్రించెనని మార్కు 4వ అధ్యాయములో వ్రాయబడియున్నది. కావున వస్తువు పేరు చూచి, ఇది అవసరము, అది ఆడంబరము అని విభాగించిన చాలదు. ఇది ఎవరికొరకు అని అడుగవలెను. నిచ్చెన ఎవరికొరకు? నీటిలో పడినవానికొరకు. పైకప్పు ఎవరికొరకు? ఎండకు ఓర్చలేనివానికొరకు. రంగుల దీపములు ఎవరికొరకు? ప్రక్క పడవ కంటె మన పడవ మిన్నగా కనబడుటకొరకు. ఇట్లు అడిగి, పైకప్పును మరల చేర్చితిమి.

అయితే అప్పు మాట? దీనికి నొప్పిలేని జవాబు మాయొద్ద లేదు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో సెలవిచ్చెను. ఆ లెక్కలో పిట్టగోడ ఖర్చు కూడ చేరవలెను. పిట్టగోడకు డబ్బు లేనివానికి ఇంటికి కూడ ఇంకను డబ్బు చాలలేదన్నమాట. చిన్న పడవ కొనుము, లేదా మరియొక సంవత్సరము ఆగుము అని చెప్పితిమి. నెలజీతము తీసికొనుచు నీడలో కూర్చుండి ఈ మాట చెప్పుట సులభము. చెప్పునప్పుడు మేము సిగ్గుపడితిమి కూడ. అయినను మరియొక మాట చెప్పలేకపోతిమి.

పోవునప్పుడు మరియొక సంగతి జ్ఞాపకము చేసితిమి. ఆ కాగితములో అచ్చుకాని అంశమొకటి ఉన్నది. ఇరువదిమంది పట్టు పడవకు పండుగనాడు ముప్పదిమంది వచ్చి, డబ్బు చేతిలో పట్టుకొని నిలుచుందురు. అప్పుడు ఆ పదిమందిని ఒడ్డున నిలుపుట. మూడవ గొట్టమునకు ఒక్కమారు వెల చెల్లించిన చాలును. దీనికి ప్రతి దినము చెల్లింపవలెను. ఇది చెల్లింపని యెడల ఆ గొట్టము కూడ మరి పదిమందిని ఎక్కించుకొనుటకు సాకే అగును.

ప్రియ చదువరులారా, మనలో పడవ కొనువారు బహు కొద్దిమంది. అయితే జీపు కొనువారున్నారు. సంతనాడు వెనుక వ్రేలాడు జనమును, పైన కూర్చున్న పిల్లలను మనము చూచుచునే ఉన్నాము. బావి త్రవ్వించి గట్టు కట్టించనివారున్నారు. క్రొత్త మోటారు సైకిలుకు బొమ్మలు అంటించి, వెనుక కూర్చుండు భార్యకు హెల్మెట్టు కొననివారున్నారు. మందిరపు విషయమున మేమును నిర్దోషులము కాము. పాటల పెట్టెలు రెండు జతలు కొనియున్నాము. మెట్లకు పట్టుకొనుటకు కమ్మీ మాత్రము ఇంకను పెట్టించలేదు. వృద్ధులైన మన తల్లులు ప్రతి ఆదివారము గోడ పట్టుకొని ఎక్కుచున్నారు. ఈ వ్యాసము వ్రాయుచుండగా అది మాకు తట్టినది. రాబోవు సంఘకమిటీలో మొదటి అంశముగా దానిని పెట్టుచున్నాము.

మన స్నేహితునియొద్దనుండి మొన్న ఉత్తరము వచ్చెను. మూడవ గొట్టము, కమ్మీలు, నిచ్చెన, పిల్లల జాకెట్లు, పైకప్పు వేయించుకొనెనట. దీపములు లేవు, పాటలు లేవు. గిరాకీ తక్కువగా ఉన్నదనియు, ఒక బంధువు కోపగించి తన వాటా తీసికొనిపోయెననియు, అప్పు మొదటి కిస్తు ఆలస్యమైనదనియు వ్రాసెను. పశ్చాత్తాపపడుచున్నానని మాత్రము వ్రాయలేదు. అతనిని మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనుడి. పాపికొండలకు పోవువారెవరైన ఉన్నయెడల, దీపములు లేని పడవ కనబడినప్పుడు, దాని క్రింద ఎన్ని గొట్టములున్నవో ఒక్కమారు అడిగి ఎక్కుడి.