అమ్మిన బండి, మిగిలిన పేరు



ఒక వస్తువును అమ్మి, డబ్బు పుచ్చుకొని, తాళపుచెవి కొన్నవాని చేతిలో పెట్టిన తరువాత దానితో మనకున్న సంబంధము తీరిపోయినట్టేనా? ఇది మేము పుస్తకాలు చదివి అడుగుతున్న ప్రశ్న కాదు. రెండేళ్ళ క్రితము ఒక ఉదయము మా ఇంటికి వచ్చిన నోటీసు మా చేత అడిగించిన ప్రశ్న. అప్పుడు మేము పడిన ఇబ్బంది కంటే, దానివలన మేము తెలుసుకొన్న సంగతి మీకు ఉపయోగపడునని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా కుటుంబము తాతల కాలములోనే కర్ణాటకకు వచ్చి స్థిరపడినది. మా ఇంట్లో ఒక పాత స్కూటరు ఉండేది. కొత్తది కొన్న తరువాత అది వరండాలో ఎండకు ఎండి వానకు తడుస్తూ ఉన్నది. మన తెలుగువాడే, వడ్రంగి పని చేసుకొనే ఒక తమ్ముడు వచ్చి, "అన్నా, ఊరకే పెట్టుకున్నారు గదా, నాకివ్వండి. మా అత్తగారి ఊరికి వెళ్ళిపోతున్నాను, పనిముట్లు పెట్టుకొని తిరగడానికి అక్కరకు వస్తుంది" అన్నాడు. ఆ ఊరు ఆంధ్ర సరిహద్దు అవతల ఉన్నది. బేరము కుదిరింది. పైసా బాకీ లేకుండా ఇచ్చాడు. మేము ఆర్.సి.ని, ఇన్సూరెన్సు కాగితాన్ని అతని చేతికిచ్చి, 29వ నంబరు ఫారము మీదను, 30వ నంబరు ఫారము మీదను ఏమీ నింపకుండానే సంతకాలు పెట్టి ఇచ్చాము. "నీకు వీలైనప్పుడు పేరు మార్పించుకో తమ్ముడూ" అన్నాము. "అట్లాగే అన్నా, వచ్చే నెలలోనే" అన్నాడు. కాఫీ తాగి వెళ్ళాడు. మనవాడే గదా, గట్టిగా అడిగితే నొచ్చుకుంటాడేమో అని మేము మరల ఆ మాట ఎత్తలేదు.

పద్నాలుగు నెలల తరువాత నోటీసు వచ్చింది. ఆ స్కూటరు తెల్లవారుజామున ఆకుకూరల గంప పెట్టుకొని నడిచిపోతున్న ఒకామెను గుద్దినది. కాలి ఎముక విరిగినది. నడిపినవాడు బండిని అక్కడే పడవేసి పారిపోయాడు. ఇన్సూరెన్సు గడువు తీరి కొన్ని నెలలయినది. విచారించగా, మన తమ్ముడు ఆరు నెలలకే దానిని మరొకరికి అమ్మాడనియు, ఆ మరొకరు ఇంకొకరికి అమ్మారనియు తెలిసింది. మేము సంతకము చేసిన ఆ ఖాళీ ఫారములే చేతులు మారుతూ వెళ్ళాయి. రిజిస్టరులో మాత్రము ఒకే ఒక పేరు ఉన్నది. అది మా పేరు.

మా నోట వచ్చిన మొదటి మాట, "మేము ఎప్పుడో అమ్మేశాము" అని. అది నిజమే. అబద్ధమాడలేదు. అయితే ఆ సాయంకాలము మాలో ఒకరు, "సరే, మనము అమ్మేశాము. మరి ఆమె ఎవరి దగ్గరికి వెళ్ళాలి?" అని అడిగారు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ వారమే ఆమెను చూడడానికి ఆస్పత్రికి వెళ్ళాము. ఆమె మంచము మీదనుండి, "బండి మీదేనా అయ్యా?" అన్నది. అవునంటే ఒక లెక్కన అబద్ధము, కాదంటే మరొక లెక్కన అబద్ధము. ఏమీ చెప్పలేక నిలబడ్డాము.

ఇప్పుడు చట్టము ఏమి చెప్పుచున్నదో చూద్దాము. అమ్మినవానికిని కొన్నవానికిని మధ్య మాత్రమే చూచిన యెడల, సొమ్ము ముట్టి వస్తువు అప్పగించగానే అమ్మకము పూర్తి అయినట్టే. కాని మోటారు వాహనముల విషయములో 1988 నాటి చట్టము మరొక మాట కూడా చెప్పుచున్నది. ఎవరి పేరున వాహనము రిజిస్టరు అయి ఉన్నదో అతడే దానికి యజమాని అని అందులో నిర్వచనము ఉన్నది. అప్పుమీద కొన్న వాహనము వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. అదే చట్టములోని 50వ సెక్షను ప్రకారము, వాహనము అదే రాష్ట్రములో రిజిస్టరు అయినదైతే, పేరు మారవలసిన చోటి రిజిస్టరింగు అధికారికి అమ్మినవాడు 14 రోజులలోగా తెలియజేసి, ఆ నివేదిక నకలు కొన్నవానికి పంపవలెను. వేరే రాష్ట్రములో రిజిస్టరు అయినదైతే 45 రోజులలోగా అభ్యంతరము లేదనే పత్రమును, అనగా మనమందరము ఎన్.ఓ.సి. అని పిలిచే దానిని, అందజేయవలెను. కొన్నవాడు 30 రోజులలోగా తన వంతు దరఖాస్తు పెట్టుకోవలెను. అనగా బాధ్యత ఇద్దరిదీ. "కొన్నవాడు మార్పించుకుంటాడులే" అన్న మన ఆలవాటు మాట చట్టములో ఎక్కడా లేదు.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇటువంటి వ్యాజ్యములోనే తీర్పు చెప్పింది. ఒక కారును అసలు యజమాని 2007లో అమ్మాడు. అది చేతులు మారింది. 2009లో దాని క్రింద పడి ఒక బాలుడు మరణించాడు. రిజిస్టరులో మాత్రము మొదటివాని పేరే ఉన్నది. నష్టపరిహారము బాధ్యత అతని మీదనే ఉన్నదని కోర్టు చెప్పింది. అందుకు కోర్టు చూపిన కారణము మమ్మును ఆలోచింపజేసింది. రిజిస్టరులో వ్రాయని అమ్మకముల గొలుసును పట్టుకొని ఒకరి తరువాత ఒకరిని వెదకే భారము దెబ్బతిన్నవారి నెత్తిన పెట్టకూడదు అని దాని భావము.

మొదట ఇది అన్యాయముగా తోస్తుంది. బండి నడిపినది మేము కాదు, గుద్దినది మేము కాదు. ఒకరు చేసిన తప్పు మరొకరి మీద ఎట్లు పడును? మేమును చాలా రాత్రులు ఈ విధముగానే వాదించుకున్నాము. తుదకు మాకు తట్టినది ఇది. ఇక్కడ ఉన్నవి రెండు తప్పులు. ఆమెను గుద్దడము ఒకటి. అది మాది కాదు, దానిని ఎవరు మా మీద వేసినను మేము ఒప్పుకోము. దెబ్బతిన్న మనిషికి అడగడానికి ఒక సరియైన పేరు లేకుండా చేయడము రెండవది. ఇందులో మాకు పాలు ఉన్నది. ఆ ఖాళీ ఫారముల మీద సంతకము చేసినది మేమే. ఏరు దాటి తెప్ప తగలవేసినట్టు, మా అవసరము తీరగానే ఆ సంగతి మరచినదీ మేమే.

మన పెద్దల కాలమునాటి పల్లెను తలచుకోండి. ఒక రైతు సంతలో ఎద్దును అమ్మితే ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఫలానావాని ఎద్దును ఫలానావాడు కొన్నాడని అరుగుల మీద చెప్పుకొనేవారు. ఆ ఎద్దు ఎవరి చేలోనైనా పడి మేసినయెడల ఎవరి ఇంటికి వెళ్ళి అడగాలో పసిపిల్లవాడు కూడా చెప్పగలడు. ఊరి జ్ఞాపకమే రిజిస్టరు. వలస వచ్చిన మనకు ఆ ఊరు లేదు. కోలారులోనో షోలాపురములోనో బరంపురములోనో మన పక్క వీధివానికి మన పేరు తెలియదు. మన బండి ఏ రోడ్డు మీద ఏ భాషవారి మధ్య తిరుగునో మనకు తెలియదు. అటువంటి చోట ఊరి జ్ఞాపకమునకు బదులుగా మిగిలినది ఆ రిజిస్టరు ఒక్కటే. దానిలో తప్పు పేరు ఉండనిచ్చుట అంటే, తెలిసి తెలిసి ఊరికి అబద్ధము చెప్పుటతో సమానము.

"ఆ ఆఫీసుకు వెళ్ళి వచ్చినవారికి తెలుస్తుంది ఆ బాధ" అని మీరు అనవచ్చు. నిజమే, మేమును వెళ్ళినవారమే. ఒక పూట జీతము పోతుంది. ఫారము ఒక భాషలో, ప్రశ్న మరొక భాషలో, మనకు వచ్చినది ఇంకొక భాష. ఒక కాగితము తక్కువైనదని రేపు రమ్మంటారు. అప్పుమీద కొన్న బండి అయితే అప్పు తీరినదని 35వ నంబరు ఫారము కావాలి. రాష్ట్రము దాటితే 28వ నంబరు ఫారము కావాలి. పన్ను బాకీ లేదనియు, దొంగబండి కాదనియు చూడాలి. దరఖాస్తులు చాలాభాగము కంప్యూటరులోనికి వచ్చిన తరువాత కూడా, ఫోను నంబరు మారినవానికి అంకెల సందేశము రాక పని ఆగిపోవడము మేము చూచాము. ఇంత కష్టము పెట్టి, ఎవరును నియమము పాటించలేదని నిందించుట న్యాయము కాదు. ఆ మాట అధికారులకు కూడా చెప్పవలసినదే.

అయితే ఒక సంగతి గమనించండి. పేరు మార్చుట ఆఫీసు చేతిలో ఉన్నది, తెలియజేయుట మన చేతిలో ఉన్నది. ఎన్.ఓ.సి. కొరకు అడిగి 30 రోజులు గడచినను అధికారి నిరాకరణ తెలుపని యెడల, అది ఇచ్చినట్టే భావించవలెనని చట్టములోనే ఉన్నది. ఆ దరఖాస్తుకు రసీదు కూడా ఇవ్వవలెను. ఆఫీసు ఆలస్యము చేస్తుందని చెప్పి మన వంతు మానుకొనుట, తపాలా ఆలస్యమని ఉత్తరమే వ్రాయకపోవుట వంటిది.

ఇక "మనవాళ్ళ మధ్య కాగితము ఎందుకు?" అనే మాట. పరాయి ఊళ్ళలో ఒకరి మీద ఒకరు నమ్మకముతో బ్రతికే మనకు ఈ మాట తీపిగా ఉంటుంది. మేమును అదే అనుకున్నాము. కాని ఆ వరండాలో కాఫీ తాగుతూ ఉన్నది మేమును ఆ తమ్ముడును మాత్రమే కాదు. మా బేరములో మాకు కనబడని మూడవ మనిషి ఒకరు ఉన్నారు. ఆమె ఆకుకూరల గంపతో ఏదో ఒక రోడ్డు మీద నడుస్తూ ఉన్నది. మా ఇద్దరి మధ్య నమ్మకము ఎంత గట్టిదైనా అది ఆమెకు పనికిరాదు. కాగితము వ్రాసుకొనుట ఒకరినొకరు అనుమానించుట కాదు. ఎదుట లేని మనిషిని కూడా లెక్కలోనికి తీసుకొనుట. ఆ తమ్ముని నొప్పించకూడదని ఊరకున్నాము గదా. నిజముగా అతని మేలు కోరినవారమైతే మరునాడే అతనిని వెంటబెట్టుకొని ఆఫీసుకు వెళ్ళి ఉండేవారము. ఈనాడు అతడును మాతోపాటు కోర్టు మెట్లు ఎక్కే పని తప్పేది.

కాబట్టి వాహనము అమ్మే ప్రతివారికి మా మనవి. ఖాళీ ఫారము మీద సంతకము పెట్టకండి. కొన్నవాని పేరు, చిరునామా, తేదీ, గంట కూడా వ్రాసి ఇద్దరును సంతకాలు చేసి నకలు దగ్గర పెట్టుకోండి. అమ్మిన సంగతి అధికారికి గడువులోగా తెలిపి రసీదు భద్రపరచండి. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా తెలియజేయండి. కొన్నవాడు 14 రోజులలోగా తన పేరున మార్పు కోరవలెను. పాతబండ్ల వ్యాపారికి అప్పగించేవారు అతనికి అధికారపత్రము ఉన్నదో లేదో అడగండి. అటువంటి అధికృత వ్యాపారికి అప్పగించినట్లు తెలియజేస్తే బాధ్యత అతనికి చేరునట్లు 2023 ఏప్రిల్ 1 నుండి నియమములు వచ్చాయి. ఇంటి పెద్ద చనిపోయినయెడల ఆయన పేరున ఉన్న బండిని అట్లే నడుపుకొనక, వారసులు 30 రోజులలోగా అధికారికి తెలియజేయండి.

మా వ్యాజ్యము ఇంకను నడుచుచున్నది. నడిపినవాడు దొరకలేదు. ఆస్పత్రి ఖర్చులో కొంత మేము ఇచ్చాము. ఆ తమ్ముడు వచ్చి, "తప్పు నాది అన్నా" అని తన చేతనైనది ఇచ్చాడు. "సగము మాది" అన్నాము. ఆమె ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నది, గంప మోయలేదు. మేము ఇచ్చినది ఆ కాలికి సరిపోదని మాకు తెలుసు.

మీ ఇంట్లో అమ్మిన బండి ఏదైనా ఉన్నయెడల, అది ఈ రోజు ఎవరి పేరున ఉన్నదో ఒకసారి చూచుకోండి. "బండి మీదేనా?" అని ఎవరైనా అడిగిన రోజున, ఒక్క మాటలో నిజము చెప్పగలిగినవారు ధన్యులు.