సత్యవ్రతుని నావ



తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలు వేటకు వెడలవు. మత్స్యసంతతి వృద్ధికై ప్రభుత్వము విధించిన విరామ మిది. ఈ దినములలో మన నెల్లూరు సీమలోని మైపాడు, ఇసకపల్లె, జువ్వలదిన్నె మొదలగు పల్లెలయందు పాత పడవలకు మరమ్మతులు జరుగును. క్రొత్త బోటు కొనదలచినవారు లెక్కలు వేసికొందురు. ఇంజను ఎంత బలముగలది కావలెను? వల ఏది? మంచుపెట్టె ఎంత? చేపలగుంపును చూపు యంత్రము పెట్టింపవలెనా? వైర్‌లెస్సు, దిక్సూచి, లంగరు, మోకు, మంచినీటి పీపా, నిప్పు నార్పు సాధనము, మనిషి కొక లైఫ్ జాకెట్టు: ఇన్నిటికిని చేతిలోని సొమ్ము చాలునా? చాలనిచో దేనిని విడువవలెను?

ఇది వ్యాపారమునకు సంబంధించిన ప్రశ్న, ధర్మముతో దీనికేమి పని యని కొందరు తలంపవచ్చును. కాని భాగవతము ఎనిమిదవ స్కంధమున ఈ ప్రశ్నకే సమాధాన మున్నది.

ద్రావిడదేశపు రాజగు సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణము చేయుచుండగా దోసిటిలోనికి చిన్న చేప యొకటి వచ్చెను. అది క్షణక్షణమునకు పెరిగి, శ్రీహరియేయని రాజు గుర్తింపగా, నేటికి ఏడవనాడు ముల్లోకములును నీట మునుగునని హెచ్చరించెను. అప్పుడొక పెద్ద నావ నీ కడకు వచ్చును. సమస్తమైన ఓషధులను, విత్తనములను తీసికొని, సప్తర్షులతో కూడ అందెక్కుము. పెనుగాలికి నావ ఊగునప్పుడు వాసుకిని త్రాడుగా చేసి నా కొమ్మునకు కట్టుము. ఇది స్వామి యాజ్ఞ.

ఇందు గమనింపదగిన విషయములు మూడు కలవు. మొదటిది: నావను రాజు నిర్మింపలేదు, అది స్వామి పంపినది. రెండవది: నావ వచ్చువరకు రాజు ఊరక కూర్చుండరాదు, అందులోనికి ఎక్కింపవలసిన వస్తువులను అతడే సమకూర్చుకొనవలెను. మూడవది మిక్కిలి ముఖ్యమైనది. ఆ వస్తువుల పట్టికలో బంగారము లేదు, సింహాసనము లేదు. రేపటి లోకము బ్రదుకుటకు వలసిన విత్తనములును, దానికి దారి చూపు ఋషులును ఉన్నారు. అనగా నావలో మొదటి స్థానము ప్రాణరక్షణకు, సంపద తరువాతిది.

శ్రీమద్రామాయణమున గుహుని చూడుడు. శ్రీరాముడు గంగ దాటవలసివచ్చినపుడు, దృఢమైనదియు, చుక్కాని పట్టువాడును తెడ్లును కలిగినదియు నగు మంచి పడవను రేవునకు తెమ్మని అతడు తనవారి కాజ్ఞాపించెను. ఎక్కువాడు జగద్రక్షకుడు గదా, ఓటిపడవయైనను చాలునని గుహుడు తలంపలేదు. ఇక సీతమ్మవారో, అంత దృఢమైన పడవలో కూర్చుండియు నడి గంగలో చేతులు మోడ్చి ప్రార్థించెను. సాధన మున్నదని ప్రార్థన మానలేదు. ప్రార్థన యున్నదని సాధనమును ఉపేక్షింపలేదు.

మన వైష్ణవులలోనే ఒక శంక పుట్టుచుండును. "స్వామియే రక్షకుడని నమ్మి శరణన్నవానికి ఈ జాకెట్లతో, యంత్రములతో పనియేమి? ఇది విశ్వాసలోపము గాదా?" అందురు. పాంచరాత్రాగమములలో నొకటియగు లక్ష్మీతంత్రము శరణాగతికి ఆరంగములు చెప్పినది. వానిలో ఆనుకూల్యమును గూర్చి చెప్పుచు, సర్వభూతములయెడ అనుకూలముగా నుండుటయే దాని యర్థమని విశదము చేసినది. స్వామి రక్షించునను మహావిశ్వాసము వేరొక యంగము. విశ్వాసము నా ప్రాణమును గూర్చినది కావచ్చును; కాని నా బోటులో కూలికి వచ్చిన నలుగురి ప్రాణములను నా విశ్వాసమునకు పందెముగా ఒడ్డుటకు నా కధికారము లేదు. వారి తల్లులు వారిని నన్ను నమ్మి పంపిరి. వారికి జాకెట్టు కొనుటయే ఆనుకూల్యము. అది శరణాగతిలో భాగమే గాని దానికి విరుద్ధము కాదు.

1989 నవంబరులో కావలి చేరువను తీరము దాటిన తుపానును, 2004 డిసెంబరు 26 నాటి సునామీని ఎరిగిన తీరమిది. నేడు తుపాను వార్త ముందుగనే చేరుచున్నది. 2016 ఏప్రిల్ 28న శ్రీహరికోటనుండి ఏడవ ఉపగ్రహము ఎగసినపుడు మన దేశపు మార్గదర్శక వ్యవస్థకు 'నావిక్' అని పేరు పెట్టబడెను. నావికుడను సంస్కృతపదమే అందు ధ్వనించుచున్నది. బోటు ఎచటనున్నదో తెలుపుటకును, ఆపదలో ఒడ్డునకు కబురంపుటకును చిన్న యంత్రములు వచ్చినవి. వీనిని స్వామి పంపిన వాసుకిగా భావింపుడు. త్రాడు వచ్చినను ముడి వేయవలసినవాడు సత్యవ్రతుడే గదా! ఎడమన ఎఱ్ఱదీపము, కుడిని పచ్చదీపము వెలుగని బోటు చీకటిలో ఎదుటివానికిని మృత్యువగును. ముందు వీనిని అమర్చి, మిగిలిన సొమ్ముతో ఇంజను బలము పెంచుకొనుడు. బోటునకు పూలదండ వేసి టెంకాయ కొట్టునాడు, లోపల ఎందరో అన్ని జాకెట్లున్నవా యని లెక్కించుటయు ఆ పూజలో భాగముగా చేసికొనుడు.

యాత్రికులకును ఇది వర్తించును. 2017 నవంబరు 12న, కార్తికమాసమున, ఇబ్రహీంపట్నము కడ పవిత్రసంగమమున పడవ తలక్రిందులై ఇరువదిమందికి పైగా మరణించిరి. పలువురి ఒంటిపై జాకెట్టు లేదు. తీర్థమునకు పోవువారు పడవ నడుపువానిని జాకెట్టడుగుటకు సిగ్గుపడరాదు. ఎక్కువమంది ఎక్కినచో దిగివచ్చుటకు వెనుదీయరాదు.

ఇక బోటు లేనివారికి? ఉద్ధవునకు స్వామి ఉపదేశించినట్లు, ఈ మానవదేహమే నావ, గురువే కర్ణధారి, భగవదనుగ్రహమే అనుకూలమైన గాలి. దీనిలోనికి ఏమెక్కించితిమి? వరాహస్వామి భూదేవితో పలికిన చరమశ్లోకార్థము ఇది: దేహము మనస్సు స్వస్థముగా నున్నపుడు నన్ను తలచినవానిని, అంత్యకాలమున అతడు కట్టెవలె, రాతివలె పడియున్నపుడు నేనే తలచి పరమగతికి చేర్చెదను. తుపానులో చేతులు వణకునపుడు జాకెట్టు ముడి వేయుట దుష్కరము. ఊపిరి ఎగదన్నునపుడు నామము నేర్చుకొనుట అంతకంటె దుష్కరము. కావున సన్నాహమునకు కాలము ఒడ్డున నున్న నేడే. పిల్లలకు సంధ్యాసమయమున దీపము పెట్టి నాలుగు నామములు పలుకుట నేర్పుడు. బోటున్నవారు జూన్ 14కు ముందే పట్టిక వ్రాసికొని, అందు మనుష్యులను మొదట వ్రాయుడు.

తల్పగిరి రంగనాథుడు మన నావలన్నిటిని సుఖముగా తీరము చేర్చుగాక!

శ్రీరంగనాథార్పణమస్తు.