వద్దనే వీలున్న సాయం

సాయం చేయడం మంచిదేనా అని ఎవరూ అడగరు. మేము అడిగేది వేరే ప్రశ్న. అది మంచిదని చెప్పాల్సింది ఎవరు? చేసినవాళ్లా, అందుకున్నవాళ్లా?

మా ఆదిలాబాద్ గూడేల్లో సాయానికి ఒక పాత పద్ధతి ఉంది. విత్తే వేళ, కలుపు తీసే వేళ ఒకరి చేనుకు నలుగురూ పోతారు. తర్వాత ఆ చేను గలాయన వాళ్ల చేన్లకు పోతాడు. దీన్నే బదులు అంటాం. ఇల్లు కప్పుకోవాలన్నా, పెళ్లి చేయాలన్నా ఇంతే. ఇందులో సాయం పొందినవాడు తల దించుకోడు. ఇవాళ తీసుకున్న చేయే రేపు ఇస్తుంది. పైగా, "నా చేను ఇంకా ఆరలేదు, ఎల్లుండి రండి" అని చెప్పే హక్కు కూడా అతనికి ఉంటుంది.

ఇక చలికాలం సంగతి చూద్దాం. మా దగ్గర చలి ఎక్కువ. దుప్పట్లు పంచడానికి పట్నం నుంచి బండ్లు వస్తాయి. వచ్చినవాళ్ల మనసు మంచిదే, దుప్పటి వెచ్చగానే ఉంటుంది. కానీ ముసలివాళ్లను పొద్దుటి నుంచి వరుసలో కూర్చోబెడతారు. వెనక బ్యానర్ కడతారు. ఫోటో దిగేదాకా దుప్పటి అంచు వదలరు. మీకేం కావాలని ముందుగా అడిగేవాళ్లు తక్కువ. అడిగితే ఆ ఊరు వాగు మీద వంతెన కావాలనేదేమో, పోడు భూమికి పట్టా కావాలనేదేమో. ముసలమ్మ దుప్పటి వద్దనలేదు, చలి ఉంది. ఫోటో వద్దనలేదు, దుప్పటి కావాలి. ఆ వద్దనలేకపోవడం దగ్గరే సాయం బరువవుతుంది.

బయటివాళ్ల సాయమంతా ఇట్లాగే ఉంటుందని మేము అనం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల స్థితిగతులు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన పరాయి దేశస్థుడు, సర్కారు పంపిన మనిషి. అయినా భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో మా మధ్యనే ఉన్నాడు. మా మాట నేర్చుకున్నాడు. భూమి గురించి మా పెద్దలు చెప్పింది విని సర్కారు ముందు పెట్టాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. వాళ్లను మావాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారంటే, ఏదో పంచిపెట్టి పోయినందుకు కాదు. ముందు విన్నందుకు.

ఒక మాట ఎదురు రావచ్చు. వానాకాలం జ్వరంతో మనిషి ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, అడుగుతూ కూర్చుంటామా? కూర్చోవద్దు. మోసుకుని దవాఖానాకు పోవాల్సిందే. అయితే ప్రాణం మీదికి వచ్చిన వేళ పనికొచ్చే తొందర, ఊరి బతుకునే మార్చే పనులకు పనికిరాదు. ఇల్లు ఎక్కడ కట్టాలి, పిల్లలకు ఏ భాషలో చదువు మొదలుపెట్టాలి, ఊరు అడవిలో ఉండాలా బయటికి రావాలా అన్నవాటికి అడిగే తీరిక ఎప్పుడూ ఉంటుంది.

చట్టం కూడా ఈ మాటే ఒప్పుకుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు, పునరావాసం కల్పించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం హక్కుల నిర్ణయాన్ని గ్రామసభ దగ్గరే మొదలుపెట్టమంది. సంప్రదించడమంటే సంతకాలు తీసుకోవడం కాదు. వద్దన్న మాటను కూడా రాసుకోవడం.

ఈ కొలత బయటివాళ్లకే కాదు. చదువుకుని కొలువులు చేస్తున్న మన పిల్లలు కొలాం గూడేనికి సాయం పట్టుకుపోయినా ఇదే కొలత. ఎంత తెచ్చారన్నది తర్వాతి లెక్క. వాళ్లు వద్దంటే నొచ్చుకోకుండా, మళ్లీ పలకరించడానికి పోగలమా? పోగలిగితే అది సాయం. లేకుంటే అది మన పేరు కోసం చేసుకున్న పని.