కోయని కత్తి

మన ఇళ్ళల్లో కత్తి అంటే కత్తిపీటే. పదేళ్ళ వయసు నుంచీ దాని ముందు కూర్చుని బీరకాయలూ వంకాయలూ తరుగుతూనే ఉన్నాం. వేలు తెగితే కాస్త పసుపు అద్దుకుని మళ్ళీ తరుగుతాం. దాన్ని చూసి "అబ్బ, ఎంత బావుందండీ మీ కత్తి!" అన్నవాళ్ళు నాకింతవరకూ తారసపడలేదు. పని కాగానే కడిగి, పడుకోబెట్టి, గోడవారకి నెట్టేస్తాం. జన్మలో ఒక్క వంకాయనైనా కొయ్యని కత్తిని మాత్రం మఖ్మల్ గుడ్డలో చుట్టి, అద్దాల బీరువాలో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు.

చట్టం వారి లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద బాకులూ, అలకు 9 అంగుళాలకు మించిన కత్తులూ ఆయుధాలే. ఇంటిపనికీ పొలంపనికీ చేసినవి మాత్రం ఆ లెక్కలోకి రావు. అంటే రోజూ కోసేది ఆయుధం కాదు, ఎన్నడూ కొయ్యనిది ఆయుధం!

ఈ కొయ్యని కత్తుల గురించి నాకింత తెలియడానికి కారణం మా వీధి చివరింటి బాబాయిగారు. పటాన్‌చెరులో ఉంటున్నాం కనక మాకు ఇనుము కొత్త కాదు. రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా బొంబాయి రోడ్డు పొడుగునా ఎక్కడ చూసినా షెడ్లూ, లేతు మిషన్లూ, పాత ఇనప సామాను కొట్లూనూ. బాబాయిగారు ఒక కర్మాగారంలో లోహాలను పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఎనభై దగ్గర పడుతున్నాయి. ఆయన దగ్గర పదకొండు బాకులున్నాయి. "పన్నెండోది నేను" అంటుంది పిన్నిగారు.

వాటిల్లో ఒకటి బల్గేరియాది. 1980ల్లో ఉద్యోగం పనిమీద వెళ్ళినప్పుడు అక్కడి ఇంజనీరొకాయన బహుమతిగా ఇచ్చాడట. సన్నగా, తిన్నగా, నడుముకి వేలాడేసుకునే ఇలాంటి బాకులు సైన్యంలో అధికారులు పెరేడ్లలో ధరించేవి. వీటికి సాధారణంగా పదునే పెట్టరు. "ఎప్పటిదో చెప్పు చూద్దాం" అని నా చేతిలో పెట్టారు. నాకేం తెలుస్తుంది? ఆయనే చూపించారు. సింహం తలమీద కిరీటముంటే రాజుల నాటిది. 1946 సెప్టెంబరులో అక్కడ రాచరికం పోయింది. ఆ తర్వాతి చిహ్నంలో సింహం చుట్టూ గోధుమ కంకులు, పైన నక్షత్రం. బాబాయిగారి సింహానికి కిరీటం లేదు. సరిగ్గా రెండేళ్ళకి, 1948 సెప్టెంబరులో, మన హైదరాబాదులోనూ నిజాం పాలన పోయింది గదా! అప్పటిదాకా దర్బారు దుస్తుల మీద మెరిసిన కత్తులు ఎన్ని పెట్టెల్లోకి పోయాయో, ఎన్ని కరిగించి అమ్ముకున్నారో!

బల్గేరియా మాటెందుకు, ముట్టుకుంటే గుచ్చుకోని బాకు మన పెళ్ళిళ్ళలోనే ఉంది. పెళ్ళికొడుకు చేతికి మొనకు నిమ్మకాయ గుచ్చిన చిన్న బాకు ఇస్తారా లేదా? దిష్టి తగలకుండా అంటారు. ఆ అబ్బాయి దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక కాసేపు తోడిపెళ్ళికొడుక్కిచ్చి, కాసేపు ఒళ్ళో పెట్టుకుని నానా అవస్థా పడతాడు. మన హైదరాబాదు బార్కస్‌లో ఉన్న అరబ్బుల పెళ్ళిళ్ళలోనైతే మర్ఫా వాయిద్యానికి జంబియాలు పట్టుకుని నాట్యం చేస్తారు. వాళ్ళ పెద్దలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువులో సిపాయిలుగా వచ్చారు. వాళ్ళున్న బ్యారెక్సే నోళ్ళలో నాని బార్కస్ అయింది. జంబియా అంటే వంపు తిరిగిన పొట్టి బాకు. పొట్ట మీద, నడికట్టుకి నిలువుగా దోపుకుంటారు. మగవాడి పరువంతా అందులోనే ఉందన్నమాట.

బాకు మంచిదా కాదా అని తేల్చడం పెద్ద విద్య. అలకు నీటి అలల్లాంటి గీతలుంటే ముందు సంతోషించకూడదట. ఆమ్లంతో పైపైన వేసిన నకిలీ గీతలు గట్టిగా రుద్దితే పోతాయి. మూసలో కరిగించి చేసిన అసలు ఉక్కులో ఆ అలలు లోపలి దాకా ఉంటాయి. రుద్ది మెరుగు పెట్టినా మళ్ళీ పైకి తేవచ్చు. అలాంటి ఉక్కుకి పేరుపడ్డ చోట్లలో ఒకటి మన నిజామాబాదు వైపు కోనసముద్రం. 1820ల్లో వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ కొలుముల్ని చూసి రాసింది 1832లో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్పహాన్ నుంచి వర్తకుడొచ్చి అక్కడ ఉక్కు కొనేవాడట. ఆ ఉక్కు ఎక్కడెక్కడి రాజుల నడుములకో చేరింది. కోనసముద్రం కమ్మరి పేరు మాత్రం ఏ కత్తి మీదా నేను చూడలేదు.

ఇంతకీ అసలు సంగతి పిడి దగ్గరుంది. బాబాయిగారి లెక్కలో అల పావలా అయితే పిడి ముప్పావలా. ఏనుగు దంతమైతే అడ్డంగా కోసినచోట వల అల్లినట్టు గీతలు కనిపిస్తాయి. ఎముకైతే సన్నటి నల్లచుక్కలుంటాయి. జేడ్ రాయైతే చెక్కిట ఆనించగానే చల్లగా తగులుతుంది. అన్నిటికన్నా ఖరీదైనది కొమ్ము, అందులోనూ ఖడ్గమృగం కొమ్ము. దీపానికి అడ్డం పెడితే అంచుల దగ్గర తేనెరంగులో వెలుగుతుందట. యెమెన్‌లో పాత జంబియాకి వచ్చే గొప్ప ధరంతా ఆ పిడి వల్లనే.

1970ల్లో యెమెన్ కుర్రాళ్ళు సౌదీకి వెళ్ళి పెట్రోలు డబ్బు సంపాదించి ఇంటికి పంపారు. డబ్బొస్తే మనం ఏం చేస్తాం? నాలుగు పేటల గొలుసు చేయించుకుంటాం. వాళ్ళు, తాతల నాడు ప్రభువులకే చెల్లిన కొమ్ము పిడి బాకు చేయించుకున్నారు. ఆఫ్రికాలో ఖడ్గమృగాలు కుప్పకూలాయి. 1982లో ఆ దేశం కొమ్ము దిగుమతిని నిషేధించింది. అప్పటికే జరగాల్సింది చాలా జరిగిపోయింది.

చూశారా ఎంత విచిత్రమో! ఆ బాకుల్లో చాలావాటిని ఒరలోంచి తీసి మనిషినెవర్నీ పొడవలేదు. పరువు కోసం, పండగ కోసం, పెళ్ళి కోసం కట్టుకున్నవే. "పాపం, అలంకారానికేగా" అని ఎవరైనా అంటారు. అలంకారానికే కనకనే చంపాయి. పనికొచ్చే కత్తికి చెక్క పిడి చాలు. మా కత్తిపీటకి ఉన్నది తుమ్మచెక్కే. ఆ జంతువుకి మన భాషలో పేరే ఖడ్గమృగం. ముక్కు మీద కత్తి ఉన్న జంతువుని, కత్తికి పిడి కోసం చంపారు.

నీతి గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ అంచునే చూస్తాం. తెగిందా, రక్తం వచ్చిందా, ఎవరు పొడిచారు అని. పిడి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగం. నాకీ ఆలోచన బాకుల దగ్గర పుట్టిందే గాని, మా ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. మాత్ర కన్నా అమాయకమైన వస్తువేముంది? పిల్లాడికి జ్వరమొస్తే దేవుడిలా ఆదుకుంటుంది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు, ఇక్కడి మందుల ఫ్యాక్టరీల నీళ్ళను శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి లెక్కలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు, దాన్ని మింగిన రోగి నెత్తురులో ఉండేదానికన్నా ఆ నీళ్ళలో ఎక్కువుందన్నారు. నక్కవాగు ఒడ్డున పొలాలున్నవాళ్ళు ఆ మాట అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ తమ భాషలో చెబుతూనే ఉన్నారు. మాత్ర తయారైన చోట వాగు ఏమైందో మాత్ర పొట్లం మీద రాసి ఉండదు గదా!

"అలాగైతే ఏదీ దాచుకోకూడదమ్మాయ్! సాలార్‌జంగ్ మ్యూజియానికి తాళం వేసెయ్యాలి" అన్నారు బాబాయిగారు, కాస్త కోపంగానే.

ఏ మాటకామాటే, ఆయన అన్నదాంట్లో న్యాయముంది. మూడో సాలార్‌జంగు, మీర్ యూసుఫ్ అలీఖాన్, పెళ్ళీ పెటాకులూ లేకుండా ఉన్న ఆస్తంతా వస్తువుల మీద పోసి 1949లో పోయాడు. 1951లో ఆయన ఇల్లే మ్యూజియమైంది. 1968లో ఇప్పుడున్న భవనానికి మారింది. నూర్జహాన్‌దని చెప్పే జేడ్ పిడి కత్తి, జహంగీర్‌దని చెప్పే రత్నాల బాకు అక్కడున్నాయి. నూర్జహాన్ కత్తి పళ్ళు కోసుకునేదట! ఎన్నిసార్లు వెళ్ళినా నేను దాని ముందు నిలబడతాను. వాటిని పగలగొడితే కూలిన జంతువొక్కటీ లేచిరాదు, పేరులేని కమ్మరికి కూలీ ముట్టదు. పైగా అవి ఇప్పుడు నలుగురివీ.

కానీ ఉన్నదాన్ని చూడటం వేరు, ఇంకొకటి కావాలనుకోవడం వేరు. పాత పిడికి లక్షలు పలుకుతున్నాయని తెలిస్తే, కొత్త పిడిని పాతదిలా చేసేవాడు ఎక్కడో ఒకచోట తుపాకి తీస్తాడు. పాతది కొన్నవాడి చేతికి రక్తం అంటదు, ఆ ధర మాత్రం అతను పెట్టిందే. మరి పట్టుచీర మాటేమిటమ్మా అని మీరడగవచ్చు. అడగండి. పట్టుపురుగుల లెక్క నాకూ తెలుసు, ఈమధ్య పెళ్ళిళ్ళకి కూడా నేతచీరలే కట్టుకెళుతున్నాను. మా ఆడపడుచులకది పిసినారితనంలా కనిపిస్తోంది.

బాబాయిగారి పదకొండింటిలో ఒక జంబియా ఉంది, నల్లటి కొమ్ము పిడిది. ఎన్నో ఏళ్ళ క్రితం ఎవరో "ఇది అసలుదండీ" అని చెవిలో చెప్పి అమ్మారట. మన దేశంలో ఖడ్గమృగం కొమ్ము ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమని పిన్నిగారికి ఎవరో చెప్పారు. ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున్నే, నేను అక్కడ ఉండగానే, బాబాయిగారు భూతద్దం తీసి, టార్చిలైటు వెనక పెట్టి చాలాసేపు చూశారు. వెలుగు రాలేదు, తేనెరంగూ లేదు.

"గేదె కొమ్మే" అన్నారు.

"అమ్మయ్య" అంది పిన్నిగారు, చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆయన మాత్రం ఆ బాకుని ఒరలో పెట్టి, బీరువాలో ముందు వరసలోంచి తీసి వెనక వరసలో పెట్టారు. ఏమీ అనలేదు. నేరం తప్పినందుకు సంతోషించాల్సిన మనిషి మొహంలో ఆ నిరాశ ఎందుకో నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. గేదె కూడా చచ్చిందే కదా, దానికి ధర లేకపోవడమేనా తేడా?

శ్రావణంలో వాళ్ళ మనవడి పెళ్ళి. అబ్బాయి చేతికి ఏ బాకు ఇవ్వాలన్న దాని మీద ఆ ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది. బల్గేరియాదైతే ఫొటోలో బాగుంటుందని మనవడు అంటాడు, ఇనుముంటే చాలు ఏదైనా ఫరవాలేదని పురోహితుడు అంటాడు. పిన్నిగారు వంటింటి చాకు కడిగి పక్కన పెట్టుకున్నారు. నిమ్మకాయ మాత్రం మా పెరట్లో చెట్టుదే ఇవ్వాలని నా దగ్గర మాట తీసుకున్నారు.