పాస్‌వర్డు: దోషమెవరిది?

మా యింటి వృద్ధురాలొకరు బ్యాంకు పాస్‌వర్డును పంచాంగపు కడపటి పుటమీఁద వ్రాసికొనిరి. అది చూచి మేము నవ్వితిమి, పిదప మందలించితిమి. "మాటిమాటికి మార్చుమందురు, వ్రాయవలదందురు, మఱువవలదందురు. నేనేమి చేయుదును నాయనా?" అని యామె యడిగిరి. మాకు ప్రత్యుత్తరము తోఁచలేదు.

ఈ ప్రశ్ననే పరిశోధనావిషయముగా గైకొనిన విదుషీమణి యొకరు గలరు. జర్మనీదేశీయురాలగు ఆంజెలా సాసే 1990లో లండను యూనివర్సిటీ కాలేజీలో చేరిరి. 1999లో ఆన్ ఆడమ్స్‌తోఁ గలిసి ప్రకటించిన వ్యాసమునకు వారిడిన పేరు, తెలుఁగున జెప్పవలెనన్న, "వాడుకరులు శత్రువులు కారు" అనుట. 139 మంది వ్రాసి పంపిన యుత్తరములను, 30 మందితో జరిపిన సంభాషణలను వారు పరిశీలించిరి. పెక్కు పాస్‌వర్డులను మోయవలసినవారు వానిని కాగితములపై వ్రాసికొనుచుండిరి. తఱచుగా మార్పవలసినవారు తేలికమాటలతో సరిపెట్టుకొనుచుండిరి. ప్రమాదమే త్రోవను వచ్చునో వారికి జెప్పినవారు లేరు.

పాటింప నలవికాని నియమము రెండు విధముల జెఱుపు చేయును. పాటించువానికి కపటము నేర్పును. విధించినవానికి నిర్దోషినను గర్వము నిచ్చును. ఒక భోషాణమునకు పది తాళములు వేయించి, పది చెవులను ద్వారబంధపు మేకునకే తగిలింపవలసివచ్చినచో, ఆ యిల్లు భద్రమగునా?

అట్లయిన నజాగ్రత్తకు నింద లేదా యని కొంద ఱడుగవచ్చును. కలదు. కాని నియమము సాధ్యమై, దాని కారణము తెలుపఁబడిన పిదపనే మనుష్యుని బాధ్యత యారంభమగును. అంతకుముందు చేయు నింద బలవంతుని సోమరితనమే. అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ సయితము 2017లో, రహస్యము వెల్లడియైన యాధారము లేక, గడువు దీఱెనని మాత్రము పాస్‌వర్డు మార్పింపవలదని మార్గదర్శకములలో బ్రకటించెను. సాసే వ్యాసమునకును దీనికిని నడుమ పదునెనిమిదేండ్లు గడచినవి. ఆ కాలమున నెందఱు నిరపరాధులు మందలింపులు పడిరో!

సాసే 2018లో జర్మనీలోని బోకుమ్ విశ్వవిద్యాలయమునకుఁ బోయి, యీ పరిశోధననే కొనసాగించిరి. పండితుని విద్య యంత్రమునకు మాత్రమేగాక, యంత్రముముందు బెదరి కూర్చున్న మనుష్యునకును ఋణపడియున్నదని వారి వలన మేము గ్రహించితిమి.

ఆ సాయంకాలము మే మామెకడఁ గూర్చుండి, బ్యాంకువార మని ఫోనులో నెవరడిగినను ఓటీపీ యేల చెప్పరాదో వివరించితిమి. పంచాంగమును పెట్టెలో బెట్టి తాళము వేయుచు నామె యిట్లనిరి: "ఇది నవ్వకముందే చెప్పరాదా?"