అంతర్వాహిని

సిరొంచ రేవున నిలిచి ఆవలి కాళేశ్వరమును చూచువారికి కన్పడునవి గోదావరి, ప్రాణహిత రెండే. మూడవదైన సరస్వతి అంతర్వాహిని యని పెద్దలు చెప్పుదురు. 1946-47లలో ధారావాహికముగ వెలువడిన బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ చదివినపుడెల్ల నాకా మూడవ నది స్ఫురించును.

దయానిధి తల్లిని గూర్చి లోకము నీలివార్తలు పలికినది. కుమారుడామెను ద్వేషింపలేడు, ప్రేమించుచున్నానని నల్గురిలో చెప్పలేడు. చెప్పుకొనరాని ఆ ప్రేమ నశింపలేదు, త్రోవ మార్చుకొన్నది. కోమలియందును, అమృతమునందును అతడు వెదకినది స్త్రీనా, తల్లినా? ఫ్రాయిడు 1900 నాటి స్వప్నగ్రంథమున చూపిన ఈడిపస్ వాంఛ ఇదియే యని తేల్చివేయుట సులువు. (పేరు పెట్టినంతనే నవల అర్థమైనదని మురియు విమర్శకులు మనలో లేకపోలేదు.) ఫ్రాయిడు చెప్పినది తండ్రివలని శిశువు భయము, ఇచట వాంఛను అణచినది ఊరి నోరు.

ఇక ధర్మప్రశ్న. తానెరుగని కోరికకు మనుష్యుడు బాధ్యుడా? కోరికకు కాడు, దానివలన ఇతరులకు గలుగు నష్టమునకు తప్పక బాధ్యుడు. పెండ్లాడిన ఇందిరకు అతని బాల్యగాయముతో నేమి పని? కారణము తెలిసినంతమాత్రమున ఆమె ఋణము తీరదు. మనోవిశ్లేషణము జాలికి చోటిచ్చును గాని తీర్పు చెప్పదు.

ఐనను ఆ ఊరి నోటి మాట యేమి? 1982లో గడ్చిరోలి జిల్లాలో చేరిన ఈ సీమలో ఇంట తెలుగు, బడిలో మరాఠీ. నింద రెండు భాషలలోను సులభముగ నడచును. ఏ తల్లిపైననో అట్టి మాట మన అరుగులపై పుట్టినపుడు, ఆ ఇంటి పిల్లవాడు వినుచున్నాడేమో యని ఎవరైన తల త్రిప్పి చూతురా?