ఎవరి బిడ్డవని అడిగిన ఊరు

సొంతూరు వదిలి వచ్చినవాళ్లు నలుగురు కలిస్తే మాట చివరికి ఊరి మీదికే మళ్లుతుంది. చెరువు, మామిడితోపు, ఎండాకాలం రాత్రి ఆరుబయట వేసుకున్న మంచాలు, సంక్రాంతి గొబ్బిళ్లు, బతుకమ్మ ఆట, తిరునాళ్లలో రంగులరాట్నం అన్నీ వరసగా వస్తాయి. వింటుంటే వీళ్లు పోగొట్టుకున్నది ఒక చోటు అనిపిస్తుంది. కానీ చాలామందికి ఆ చోటు ఎక్కడికీ పోలేదు. రాత్రి హైదరాబాదులో బస్సెక్కితే తెల్లవారేసరికి అక్కడ దిగొచ్చు. పండక్కి అలా దిగినవాళ్లు ముక్కనుమ దాటగానే తిరుగు బస్సెక్కుతారు, నగరానికి చేరిన వారానికే మళ్లీ ఊరి మీద బెంగ పెట్టుకుంటారు. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో పట్టణవాసులు 27 శాతం. 2011 నాటికి 33 శాతం దాటారు. అంటే ఈ బెంగ ఇప్పుడు లక్షల ఇళ్లలో ఉంది. వెళ్లి వచ్చినా తీరని బెంగకు కారణం చోటు మాత్రమే అయి ఉండదు. ఊరు మనల్ని ఎరిగి ఉండటమే మనం పోగొట్టుకున్నది అని నా అభిప్రాయం. ఇంకొకటి కూడా చెప్పాలి. మనం తలచుకుని కళ్లు చెమర్చుకునే ఆ ఎరుకే, అదే ఊళ్లో పుట్టిన మరికొందరిని ఊరు దాటించింది. ఈ రెంటినీ కలిపి చూడగలిగినప్పుడే ఊరి జ్ఞాపకానికి విలువ.

ఊరి బెంగను జబ్బుగా లెక్కగట్టిన రోజులున్నాయి. 1688లో బాసెల్ నగరంలో జోహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి దీని మీదే సిద్ధాంత వ్యాసం రాశాడు. పరాయి చోట ఉన్న స్విస్ యువకులు తిండి సయించక, నిద్ర పట్టక చిక్కిపోవడం చూసి, ఇంటికి పంపడమే మందు అన్నాడు. ఆ మందు మన విషయంలో పనిచేయదు, ఎందుకంటే మనం తలచుకునే ఊరిలో సగం మనం కట్టుకున్నదే. జ్ఞాపకం జరిగినదాన్ని భద్రంగా దాచి ఉంచదనీ, తలచుకున్న ప్రతిసారీ మళ్లీ అల్లుకుంటుందనీ ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే ప్రయోగాలతో చూపించాడు. మనకు బాగా తెలిసిన దిగుడుబావినే తీసుకోండి. రాతిమెట్లు, చల్లని నీడ, బిందెల చప్పుడుతో అది పాత ఊరి అందానికి గుర్తుగా నిలిచిపోయింది. నారికురుపును ఊళ్లకు పంచిపెట్టిందీ ఆ మెట్లే. కాలిపుండులోంచి పురుగు తల బయటపెట్టిన మనిషి నీళ్లలో దిగితే దాని పిల్లలు నీళ్లలో కలిసేవి. వాటిని కంటికి ఆనని నీటిపురుగులు మింగేవి. ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లో ఏడాది తిరిగేసరికి గజం పొడుగు పురుగు తయారయ్యేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగేవారు. తెగిందా, కాలంతా చీము పట్టేది. సరిగ్గా నాట్ల వేళకు మంచాన పడిన కూలీ ఇంట్లో ఆ ఏడు పొయ్యి వెలగడమే కష్టం. ఆంధ్రప్రదేశ్ ఈ జబ్బు పాతుకుపోయిన రాష్ట్రాల్లో ఒకటి. మెట్లబావులు పూడ్చి, చేతిపంపులు వేసి, నీళ్లు వడగట్టుకోవడం నేర్పాకే అది పోయింది. 2000లో భారతదేశం దాని నుంచి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. దిగుడుబావి గురించి చెప్పుకునే ముచ్చట్లలో ఆ పుల్ల ఎక్కడా కనిపించదు. 1970ల మొదట్లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో దాదాపు 130 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28. బాల్యాన్ని తలచుకునేవాళ్లు ఆ లెక్క నుంచి బతికి బయటపడినవాళ్లు. పోయినవాళ్లకు చెప్పుకోవడానికి బాల్యమే లేదు. అప్పటి ఊరే ఆరోగ్యం, అప్పటి తిండే బలం అని ఎవరైనా అంటే ఒప్పుకోవడం కష్టం.

ఇంత పొరబడే జ్ఞాపకం ఒక్క విషయంలో మాత్రం పొరబడటం లేదు. ఊళ్లో పిల్లవాడు వీధిలోకి వస్తే అరుగు మీద కూర్చున్న ముసలాయన "ఎవరి బిడ్డవురా?" అని అడుగుతాడు. తండ్రి పేరు చెబితే తాత పేరు ఆయనే చెబుతాడు. తాత కట్టిన ఎడ్ల జత గురించో, వేసిన వేరుశనగ పంట గురించో రెండు మాటలు కలుపుతాడు. ఆ పిల్లవాడు పుట్టకముందే అతనికి ఊళ్లో ఒక చోటు ఉందని ఆ మాటల అర్థం. కిరాణా కొట్టులో చీటీ లేకుండా సరుకు వస్తుంది, ఆటలో పొద్దుపోతే ఏ ఇంట్లోనో కంచం పెడతారు, చెట్టెక్కి కొమ్మ విరిస్తే ఆ కబురు మనకంటే ముందు ఇంటికి చేరుతుంది. నగరంలో మనిషి తానెవరో రోజూ రుజువు చేసుకోవాలి. బ్యాంకులో ఆధార్, గేటు దగ్గర ఫ్లాట్ నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ చూపిస్తేనే లోపలికి దారి. ఇవన్నీ పని జరిపిస్తాయి, అవసరం కూడా. కానీ వీటిలో ఏదీ మన తాతను ఎరగదు. ఏళ్ల తరబడి ఒకే మెట్లెక్కి దిగినా పక్క వాటాలో పెద్దదిక్కు పోయిన సంగతి వాట్సాప్ గ్రూపులో చూసి తెలుసుకునే బతుకులో, అడక్కుండానే ఎవరో ఒకరు మనల్ని పోల్చుకునే చోటు కోసం మనసు కొట్టుకుంటుంది. ఆ తపనలో అబద్ధం లేదు. మనిషికి కూడు, గూడు ఎంత అవసరమో తనను ఎరిగినవాళ్లు ఉండటమూ అంతే అవసరం.

ఇక రెండో వైపు. "ఎవరి బిడ్డవు?" అన్న ప్రశ్న ఊళ్లో అందరికీ ఒకేలా వినిపించలేదు. జవాబును బట్టి ఒకరికి అరుగు మీద చోటు దొరికేది, ఒకరు అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడేవారు. మనిషిని అంత బాగా ఎరిగిన ఊరు అతని కులాన్నీ అంతే బాగా ఎరుగును, మరిచిపోనివ్వదు. అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో పల్లెను ఆదర్శంగా నిలబెట్టేవారికి గట్టి జవాబిచ్చి, సంకుచితత్వానికీ అజ్ఞానానికీ అది నెలవని చెప్పారు. ఆ మాట వెనుక ఊరి బయట బతికిన కోట్లమంది అనుభవం ఉంది. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. అందులో తన మొర శివుడికి చేరవేయమని కథానాయకుడు గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు, ఎందుకంటే గుళ్లోకి గబ్బిలానికి ఉన్న ప్రవేశం అతనికి లేదు. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథలో గొడవంతా నీళ్లు ఎవరివన్న దాని మీదే. వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య'లో తెలంగాణ పల్లె నుంచి రైల్వే కొలువులోకి వెళ్లిన ఒక మాదిగ కుటుంబం కథ చెప్పారు. ఆ ఇంటి పిల్లలకు చదువు అందింది రైలు కట్ట పక్కనే. వాళ్లకు ఊరు విడవడం ప్రవాసం కాదు, విడుదల. ఎవరూ ఎరగని రద్దీలో, ఏ హోటల్లోనైనా అందరికీ ఇచ్చే గ్లాసులోనే టీ తాగగలగడం ఎంత పెద్ద సంగతో, రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకే తెలుస్తుంది. మనకు వెలితిగా తోచిన నగరపు అపరిచయం వాళ్లకు ఊపిరి.

ఆడవాళ్ల సంగతి వేరేగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఊరి బెంగ గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. మన దేశంలో ఆడవాళ్లు చోటు మారడానికి అన్నిటికంటే పెద్ద కారణం పెళ్లి అని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. అంటే పుట్టినూరు వదలడం మగవాడి జీవితంలో ఒక మలుపైతే, ఆడపిల్లకు అది ముందే రాసిపెట్టిన విధి. ఆమె బెంగను మాత్రం ఎవరూ ఒక పెద్ద విషాదంగా చూడలేదు, ఆషాఢానికి పుట్టింటికి పంపితే తీరే చిన్న మురిపెంగా చూశారు. మెట్టినూరు ఆమెను ఎరిగింది కూడా ఫలానావారి కోడలిగానే. ఊరి ఎరుక ఆమె మీద నిఘాగానూ పనిచేసింది. ఎవరితో మాట్లాడింది, ఎంత పొద్దుపోయి వచ్చింది అన్న కబుర్లు ఆమె కంటే ముందు ఇల్లు చేరేవి. కొమ్మ విరిచిన పిల్లవాడి విషయంలో ముద్దుగా అనిపించిన అదే కబురు, ఆడపిల్ల విషయంలో చదువు మాన్పించడానికి సరిపోయేది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం తెలిసిందే: జ్ఞాపకం ఎవరికి వారిది, బాల్యపు తీపిలోకి కులాన్నీ లెక్కల్నీ తెచ్చి ఎందుకు చేదు చేస్తారు? తీపిని ఎవరూ లాక్కోవడం లేదు. మామిడిపండు రుచి అబద్ధమనీ ఎవరూ అనడం లేదు. కానీ పసివాడి కంటికి ఆనని సంగతులను పెద్దయ్యాక కూడా చూడనంటే అది పసితనం అనిపించుకోదు. ఆ తోటకు నీళ్లు కట్టినదెవరు, పండుగ నాడు డప్పు కొట్టి చివర వరుసలో కూర్చున్నదెవరు అని తలచుకోవడం వల్ల జ్ఞాపకం చెడిపోదు, అందులోకి మరికొందరు మనుషులు వస్తారు. రెండో అభ్యంతరం ఇంకో కొస నుంచి వస్తుంది: ఇంత అన్యాయం ఉన్న ఊరిని తలచుకోవడమే ఎందుకు, మరిచిపోతే పోలేదా? ఇదీ సరికాదు. ఊరి జ్ఞాపకంలో బెంగతో పాటు పనికొచ్చే తెలివీ ఉంది. చెరువు నిండితే అలుగు ఎటు పోస్తుంది, ఆ నీరు కింది చెరువుకు ఏ వాగు గుండా చేరుతుంది, తూము ఎప్పుడు ఎత్తాలి అన్నది నీరటికాడి నోటి లెక్క. గొలుసుకట్టు చెరువుల ఆ లెక్కను మరిచి కట్టిన కాలనీల్లో 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు నీట మునిగింది. బతుకమ్మ పేర్చడానికి కావలసిన తంగేడు, గునుగు దున్నని బీళ్లలో పూస్తాయి; ఆ బీళ్లు ప్లాట్లయ్యాక పూలు బజారులో కొనుక్కోవాలి. ఏం పోయిందో చెప్పగలిగేది గుర్తున్నవాళ్లే. మరిచిపోవడం మొదలైతే పీడన ఒక్కటే మరుగున పడదు, ఈ తెలివి కూడా పోతుంది.

వెళ్లి వచ్చినా బెంగ తీరదని మొదట అన్నాను. వెళ్లడానికి ఊరే లేనివాళ్లకు ఆ మాట వర్తించదు. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి; 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తు పెట్టి విప్పి, ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఆ శ్రద్ధ మెచ్చుకోదగినదే. కానీ ఆ గుడి చుట్టూ బతికిన మనుషుల్ని అలా వరస తప్పకుండా తీసుకెళ్లి నిలబెట్టినవాళ్లు లేరు. అప్పటి 1894 భూసేకరణ చట్టం భూమికీ, ఇంటికీ, చెట్టుకూ, బావికీ వెలకట్టింది. ఏ ఆస్తీ లేని కూలీకి అందులో చోటు లేదు. అతన్నీ నష్టపోయినవాడిగా చట్టం లెక్కలోకి తీసుకోవడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. అతను పోగొట్టుకున్నది పెద్దదే: చేబదులిచ్చే ఇల్లు, పని చెప్పే రైతు, పెళ్లిసంబంధానికి మాటసాయం చేసే పెద్దమనిషి. అదే జలాశయంలో మునిగిన మరో గుడి, సప్తనదుల సంగమేశ్వరాలయం, ఏటా ఎండాకాలం నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది, జనం వెళ్లి పూజ చేసుకుని వస్తారు. గుడి తిరిగి కనిపించినంత తేలిగ్గా ఆ మనుషుల మధ్య ఎరుక తిరిగి రాలేదు. ఇలాంటివాళ్ల జ్ఞాపకాన్ని ఉత్త మురిపెం అనే హక్కు ఎవరికీ లేదు. కాగితాలకు ఎక్కని నష్టానికి అదొక్కటే సాక్ష్యం.

అయితే ఈ బెంగతో మనం చేయవలసిందేమిటి? ఊళ్లో స్వాగత తోరణం కట్టించి తాత పేరు చెక్కిస్తే ఊరి రుణం తీరదు. ఆ డబ్బుతో అన్ని వాడలకూ సమానంగా నీళ్లు అందితే, బడిలో ఒక పంతులమ్మ నిలిస్తే కొంత తీరుతుంది. అంతకంటే దగ్గరి పని మన గుమ్మం ముందే ఉంది. కరోనా లాక్‌డౌన్ వేళ, 2020 మే 1న హైదరాబాదు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మంది కూలీలతో దేశంలో మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు కదిలింది. నగరాన్ని కడుతున్నవాళ్లు, ఆపద రాగానే తమను ఎరిగిన చోటుకి పోవాలని ఎందుకు తపించారో ఆలోచించండి. ఇక్కడ వాళ్ల చేతుల్ని వాడుకున్నవాళ్లు చాలామంది. పేరు అడిగినవాళ్లు తక్కువ. మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చున్న పాలమూరు మనిషికో, శ్రీకాకుళం మనిషికో కూడా ఒక ఊరుంది, చెరువుంది, తలచుకునే తల్లి ఉంది. ఊరు మనకిచ్చిన ఎరుక నిజంగా అంత గొప్పదని నమ్మితే, దాన్ని కులం అడగకుండా, పై కింద చూడకుండా, ఇప్పుడున్న చోట ఇంకొకరికి ఇవ్వడం మన చేతుల్లోనే ఉంది. పుట్టినూరు ఆ పని అందరికీ చేయలేకపోయింది. మనం చేరిన ఊరైనా చేసేలా చూడాలి. ఆ మనిషి పేరేమిటో, ఏ ఊరి నుంచి వచ్చాడో, ఇంట్లో పిల్లలు ఏం చదువుతున్నారో ఈరోజే అడగండి.